వారం ముందుకు వేసినారు

మా ఆడబిడ్డ ఆశ మోసం చేసి రాష్ట్ర జట్టులో చోటు కొట్టేసిందని బెంగళూరులో పరుగుల జనం కొన్నాళ్లు చెవులు కొరుక్కున్నారు. అలా కొరుక్కున్నవాళ్లలో సగం మంది ఆమెతో ఒక్క రౌండు కూడా పరుగెత్తి ఎరగరు. నేనూ ఎరగను. కాకపోతే నాకా సంగతి తెలుసు కాబట్టి నోరు అదుపులో పెట్టుకుంటాను. ఇప్పుడా అవసరం తీరిపోయింది గనక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆశకు ముప్పై తొమ్మిదేళ్లు. కాటన్‌పేటలో మా మామ చిక్కమునియప్పకు దూది, పరుపుల కొట్టు ఉంది. పేరు ఆయనది, నడిపేది ఆశ. ఈ కుటుంబం ఇక్కడ స్థిరపడి నాలుగు తరాలైంది. ఇంట్లో తెలుగు, కొట్లో కన్నడం, కోపం వస్తే రెండూ కలిపి. నేను ప్రొద్దుటూరు పిల్లను, ఆశ అన్నను చేసుకుని ఈ ఇంటికొచ్చాను. ఆశ మాత్రం పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు "పురసొత్తు దొరకలే" అంటుంది, అంటే తీరిక దొరకలేదని. ఆ జవాబు చాలకపోతే అది అడిగినవాళ్ల బాధ.

కొట్లో ఆమెకొక పద్ధతి ఉంది. పరుపు కొనడానికి వచ్చినవాడు నొక్కి చూసి "లోపల మంచి దూదేనా?" అన్నాడంటే, ఆశ బల్ల మీద నుంచి కత్తెర తీస్తుంది. కుట్టు విప్పి దూది బయటికి లాగి వాడి చేతిలో పెడుతుంది. తర్వాత వాడు కొన్నా కొనకపోయినా తనే కూర్చుని మళ్లీ కుట్టుకుంటుంది. "ఊరికే మాటలతో చెప్తే పోయేదానికి ఇంత యాతనెందుకు?" అని మా ఆయన ఎన్నిసార్లు విసుక్కున్నాడో లెక్కలేదు.

కాలేజీ రోజుల్లో బాగా పరుగెత్తేదట. తర్వాత కొట్టు మీద పడి మానేసింది. మళ్లీ మొదలుపెట్టించింది ఒక దొంగ. నాలుగేళ్ల కిందట కొట్టు ముందే ఒకడు ఆమె చేతిలోని ఫోను లాక్కుని పరుగు తీశాడు. ఈమె చెప్పులు వదిలేసి వెంటపడింది. అక్కిపేట సందుల్లో వాడికి ఆయాసం వచ్చింది గానీ ఈమెకు రాలేదు. వాడు చివరికి ఫోను అరుగు మీద పెట్టి, దండం పెట్టి పోయాడట. ఆ వారమే షూ కొనుక్కొచ్చింది. "ఈ వయసులో పరుగేంది మ్మా, చూసినోళ్లు కుక్క తరుముతా ఉండాదనుకుంటారు" అన్నాడు మా మామ. "అనుకోనీ నాయనా, కుక్కకి కూడా దొరకనులే" అంది ఆశ.

ఆమెది ఎనిమిది వందల మీటర్లు, అంటే ట్రాక్ చుట్టూ రెండు రౌండ్లు. మొదటి రౌండు బుద్ధితో, రెండో రౌండు మొండితనంతో పరుగెత్తాలని ఆమె అంటుంది. ఆ రెండోది మా ఇంట్లో ఎవరికీ తక్కువ లేదు. తెల్లవారుజామున స్కూటర్ మీద ఆమెను స్టేడియానికి తీసుకెళ్లడం, సంచీ పట్టుకుని మెట్ల మీద కూర్చోవడం నా ఉద్యోగం. జీతం లేదు, తిట్లున్నాయి.

ఇక వర్షిణి. ఆమెది తెనాలి. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం, కాపురం అత్తిబెలె దగ్గర. వయసు ముప్పై ఏడు. చేతికి గడియారం, ఆ గడియారం చెప్పిందల్లా వినే కోచ్, ఆ కోచ్ చెప్పిందల్లా వినే వర్షిణి. వయసు మీద పడ్డవాళ్లకని పెట్టే మాస్టర్స్ పోటీల్లో ముప్పై అయిదు నుంచి నలభై లోపు వాళ్లది ఒక గ్రూపు. కాబట్టి ఈ ఇద్దరూ ఎక్కడికెళ్లినా ఒకే గీత మీద నిలబడవలసిందే. ఒకరికొకరు నచ్చలేదని వేరే చెప్పాలా? మనిషి చెడ్డదని కాదు. మొదట్లో నాకూ చెడ్డదిగానే కనిపించింది, అంతే.

ఆ సీజన్లో ఇద్దరి పరుగులూ పక్కపక్కన పెట్టి చూస్తే భలే చిత్రంగా ఉంటుంది. మైసూరులో వర్షిణి తుపాకి మోగడంతోనే ముందుకు దూకి ఒంటరిగా పోయింది. ఆశ వెనకే వేలాడి, చివరి మలుపులో దాటేసి గెలిచింది. తుమకూరులో ఆశ మళ్లీ అదే ఎత్తు వేసింది. ఈసారి వర్షిణి మధ్యలో చాలా ఎడం తీసేసుకుంది, ఆశ లేచేసరికి ఆలస్యమైంది, ఓడిపోయింది. హాసన్‌కు ఆశ వెళ్లలేదు. పండుగ ముందర దూది బేళ్లు దిగుతుంటే కొట్టు వదిలి రాలేకపోయింది. అక్కడ వర్షిణి పక్కన ఎవరూ లేకుండానే ఆ ఏడాదిలోకెల్లా మంచి టైమింగ్ తీసింది. కోలారుకు వర్షిణికి ఆఫీసు కుదరలేదు. అక్కడ ఆశ గెలిచింది గానీ, టైమింగ్ చెప్పుకుంటే సిగ్గుచేటు. ఎవరూ తరమకపోతే, ఎవరినీ తరమకపోతే ఆశ కాళ్లు కదలవు. వర్షిణి గడియారంతో పోటీ పడుతుంది, ఆశ మనిషితో పోటీ పడుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

దావణగెరె సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అక్కడ ఇద్దరూ వచ్చారు. వర్షిణి ముందు పోవడం మానుకుంది, ఆశ వెనకే ఉండాలని పట్టుపట్టింది. నువ్వు పో అంటే నువ్వు పో అన్నట్టు ఒకరినొకరు చూసుకుంటూ రెండు రౌండ్లూ దాదాపు నడిచారు. ఈలోగా హుబ్బళ్ళి నుంచి వచ్చిన టీచరమ్మ ఒకావిడ, పాపం ఆవిడకు ఈ గొడవేమీ తెలియదు, ఇద్దరినీ దాటుకుని వెళ్లి మెడలో పతకం వేసుకుంది. తిరుగు ప్రయాణమంతా ఆశ కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

సీజను చివరికొచ్చేసరికి లెక్క సమానం. టైమింగ్ చూస్తే వర్షిణిది మేలు, కానీ గెలుపులు చూస్తే చెరి రెండు, ఎదురెదురుగా చూస్తే చెరొకటి. ఆ ఏడు జాతీయ పోటీలకు ఒక్కో గ్రూపు నుంచి ఒక్కరినే పంపాలని రాష్ట్ర మాస్టర్స్ సంఘం నిర్ణయించింది. సెక్రటరీ నరసింహప్ప, డ్రిల్లు మాస్టారుగా రిటైరైన మనిషి, ఎవరి మాటా వినకుండా ట్రయల్స్ పెట్టాడు. వచ్చే ఏడు ఆశకు నలభై నిండి గ్రూపు మారిపోతుంది. అంటే ఈ గ్రూపులో జాతీయ పోటీకి వెళ్లాలంటే ఇదే ఆఖరి అవకాశం.

ట్రయల్స్ ఆదివారమని ప్రకటించారు. తర్వాత స్టేడియంలో వేరే కార్యక్రమం ఉందని ఒక వారం వాయిదా వేశారు. ఆ కబురు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో వర్షిణి లేదు. పొద్దున్నే వచ్చే గులాబీపూల సుప్రభాతాలు భరించలేక ఎప్పుడో బయటికి వచ్చేసింది. పైగా ఆ రోజుల్లో తమ్ముడి గృహప్రవేశమని తెనాలిలో ఉంది. తిరిగొచ్చిన మర్నాడు ట్రాక్ దగ్గర ఆశ కనిపిస్తే అడిగింది.

"ఆశ గారూ, ఈ సండే ట్రయల్స్ కన్ఫర్మేనా? నేను గ్రూప్‌లో లేను కదా, అప్‌డేట్స్ తెలీట్లేదు."

"లేదప్పా, వారం ముందుకు వేసినారు," అంది ఆశ, లేసులు కట్టుకుంటూ.

వర్షిణి విప్పబోయిన సంచీని మళ్లీ మూసేసిందట. తర్వాత, "మరి మీరు?" అంది.

"నేను వదుల్తానా?"

"ఓకే. కంగ్రాట్స్," అని వర్షిణి సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఆశ కూడా తగ్గకుండా "థ్యాంక్సు" అంది.

ఆ ముక్క స్కూటర్ మీద నాకు చెబుతూ మెజెస్టిక్ దాకా తిడుతూనే ఉంది. "ఎంత కొవ్వు చూడు వదినా! ఇంకా పరిగెత్తనే లేదు, అప్పుడే కంగ్రాట్స్ అంట. నన్ను ఎగతాళి చేస్తాది. వస్తుంది కదా ఆదివారం, చూపిస్తా!"

వాయిదా పడిన ఆ ఆదివారం వర్షిణి రాలేదు. ఆశ ఇంకో ఇద్దరితో పరుగెత్తి, ఎదురన్నదే లేకుండా గెలిచింది. నరసింహప్ప ఆమె పేరు రాసుకున్నాడు. నేను మెట్ల మీద లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఆశ మాత్రం గేటు వైపే చూస్తోంది. "భయపడి రాలేదా ఏమి?" అంది. గెలిచిన ముఖం కాదది.

సాయంత్రానికి వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. రాసింది అమరనాథ్, వర్షిణితో కలిసి ప్రాక్టీసు చేసే మనిషి. ట్రయల్స్‌కు ఎందుకు రాలేదని అతను ఆమెకు ఫోన్ చేశాడు. అవి ఎప్పుడో అయిపోయాయి కదా, ఆశ గారే చెప్పారు అని ఆమె అంది. ఇంకేముంది, అతని వేళ్లు ఆగలేదు: "ట్రయల్స్ అయిపోయాయని వర్షిణికి అబద్ధం చెప్పి, పోటీ లేకుండా చేసుకుని సెలెక్ట్ అయ్యారు ఒకరు. కాటన్‌పేట బుద్ధి చూపించారు. కంగ్రాట్స్." దాని కింద చూస్తుండగానే బొటనవేళ్లు లేచాయి. మనవాళ్లనుకున్నవాళ్ల వేళ్లూ ఉన్నాయి.

ఆశ అది చదివి ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. "అయిపోయినాయని నేను యాడ చెప్పినా వదినా?"

"ఏం చెప్పావో అక్షరం మార్చకుండా చెప్పు," అన్నాను.

"వారం ముందుకు వేసినారని చెప్పినా. అంతే."

నేను తల పట్టుకుని అక్కడే పరుపుల మీద కూలబడ్డాను. కన్నడంలో ముందుకు వేశారంటే వాయిదా పడిందని. ఇక్కడి తెలుగువాళ్లూ అలాగే అంటారు, నాలుగు తరాలుగా అంటున్నారు. తెనాలిలో పుట్టిన మనిషికి మాత్రం వారం ముందుకంటే వారం ముందే జరిగిపోయిందని అర్థం. పాపం ఆ వారం ఆమె ఊళ్లోనే లేదు. పైగా "నేను వదుల్తానా" అని ఈ మహాతల్లి వడ్డన ఒకటి! ఆ మాట నన్నూ ఒకసారి ముంచింది. పెళ్లైన కొత్తలో "మా చెల్లెలు రావడం ముందు వారం" అంది మా అత్త, వచ్చే వారమని ఆమె ఉద్దేశం. వచ్చి వెళ్లిపోయిందనుకుని నేను హాయిగా పుట్టింటికి పోయాను. ఆ చెల్లెలు వచ్చేసరికి కోడలు ఇంట్లో లేదు. ఆమె ఈనాటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతుంది.

ఇదంతా చెబితే ఆశ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"గ్రూపులో రాసేద్దాం, మాట అర్థంలో తేడా వచ్చిందని," అన్నాను.

"రాస్తే ఏమైతాది? బాగా అల్లినావు కథ అంటారు. నమ్మినోడు నమ్ముతాడు, నమ్మనోడు నమ్మడు. చోటు నా దగ్గర పెట్టుకోని నేను ఏం చెప్పినా సుమ్నె, ఊరికే వాదనే."

"అయితే ఏం చేస్తావు?"

"అనుమానం వచ్చినాక కుట్టు విప్పల్లా వదినా."

నాకు ఒళ్లు మండింది. "పిచ్చా నీకు? చేతికొచ్చినదాన్ని వదులుకుంటావా? ఇదే ఆఖరు సారి!"

"చేతికి రాలేదు. చేతిలో పెట్టినారు. రెండూ ఒకటేనా?" అంది. అది నిజమే గనక నాకు ఇంకా కోపం వచ్చింది.

మర్నాడు ఇద్దరం నరసింహప్ప ఇంటికి వెళ్లాం. ఆయన కాఫీ ఇచ్చాడు, మాట మాత్రం ఇవ్వలేదు. "ట్రయల్స్ ఒకసారే మ్మా. వచ్చినోళ్లు వచ్చినారు, రానోళ్లు రాలేదు. నువ్వు ఏ తప్పూ చేయలేదని నేను నమ్ముతా ఉండాను, ఇంక ఎందుకు బేజారు?"

"మీరొక్కరు నమ్మితే చాలదు సార్. నేను తప్పుకుంటే నా బదులు ఎవర్ని పంపిస్తారు?"

"నెలాఖరు లోపల నువ్వు తప్పుకుంటే వర్షిణినే పంపొచ్చు. సీజనంతా చూస్తే మీ ఇద్దరి తర్వాతే ఎవరైనా."

"అయితే మేమిద్దరం పరిగెత్తుతాం. గెలిచినోళ్లు పోతారు. మీరు వచ్చి చూడండి చాలు."

ఆయన కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయాడు. వద్దనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే తీసుకున్నాం.

గేటు బయటే నిలబడి ఆశ వర్షిణికి ఫోన్ చేసింది. స్పీకరు పెట్టించాను. లేకపోతే నాకెలా వినపడుతుంది?

"నేను నీకు అబద్ధం చెప్పలేదు. మా మాట ఒకటి, నీ మాట ఒకటి అయిపాయ. అది మా వదిన నీకు చెప్తుంది, నమ్మితే నమ్ము, లేకుంటే లేదు. నాతో పరిగెత్తుతావా లేదా, అది చెప్పు."

"నేను రెండు వారాల నుంచి ప్రాక్టీస్ చేయట్లేదండీ," అంది వర్షిణి. షూ చూస్తేనే ఏడుపొచ్చేదని, అల్మరాలో పైన పడేశానని తర్వాత నాతో చెప్పింది. ఆ మాట విన్నాకే నాకు ఆమె మనిషిలా కనపడింది.

"అయితే మూడు వారాలు తీసుకో. ఒళ్లు చల్లబడినదానితో నేను పరిగెత్తను. ఆదివారం, ఇరవై ఎనిమిదో తారీఖు, పొద్దున ఆరింటికి. దీనికి ముందూ లేదు, వెనకా లేదు. అర్థమాయనా?"

"ఇరవై ఎనిమిది, ఆరింటికి," అని ఆమె తారీఖును తిరిగి అప్పజెప్పింది. ఫోను నేను లాక్కుని ముందుకు, వెనక్కి గురించి మొత్తం పాఠం చెప్పాను. ఆమె వింది. నమ్మిందో లేదో అప్పుడు తెలియలేదు.

ఆ ఆదివారం స్టేడియానికి పిలవకుండానే జనం వచ్చారు. అమరనాథ్ వచ్చాడు, చేతులు కట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడు. నరసింహప్ప నేను సాక్షిని మాత్రమే అంటూ మెడలో విజిలు వేసుకుని వచ్చాడు. ఇద్దరూ గీత మీద నిలబడ్డారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

విజిలు మోగింది. దావణగెరెలా నడుస్తారేమోనని నాకు ఒకటే బెంగ. కానీ నేనెప్పుడూ చూడనిది చూశాను. ఆశ ముందుకు పోయింది. సీజనంతా వెనక నక్కి చివర్లో దూకిన మనిషి, మొదటి అడుగు నుంచే ముందు నిలబడి లాగింది. మొదటి రౌండు అయ్యేసరికి వర్షిణికి నాలుగైదు అడుగులు ముందుంది. "ఏయ్, నీ పద్ధతి కాదే అది!" అని అరిచాను. తర్వాత అడిగితే చెప్పింది: "ఒకరి నీడలో పోయి గెలిస్తే మళ్లా అదే మాట అంటారు వదినా. ఎండలోనే పోవాలనుకున్నా."

రెండో రౌండులో వెనక వైపు నుంచి వర్షిణి దగ్గరపడుతోంది. మలుపు దగ్గర భుజం భుజం కలిసింది. ఆశ దాటనివ్వలేదు. ఇంకొంచెం దూరం కూడా దాటనివ్వలేదు. చివర్న తిన్నగా ఉన్న దారిలో పళ్లు బిగించి, మెడ నరాలు తేలి, ఆమె ముఖం ఆమెది కాకుండా పోయింది. గీతకు కొద్ది అడుగుల ముందు వర్షిణి దాటింది. ఒక్క ఛాతీ తేడా. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, సంచీలో ముఖం పెట్టుకుని ఏడ్చాను. అది మా ఆడబిడ్డ చోటు. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

ఆశ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కాసేపు వంగి, లేచి తిన్నగా నరసింహప్ప దగ్గరికి నడిచింది. "వర్షిణి పేరు రాసుకోండి సార్."

"ఇంకొకసారి ఆలోచించుకో మ్మా..."

"రాసుకోండి."

వర్షిణి వెనకే వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు. "మీరు చెప్పింది నేను నమ్మాను ఆశ గారూ, ఆ రోజే నమ్మాను. అమరనాథ్‌కి కూడా చెప్పాను. సారీ."

"సారీ నువ్వే పెట్టుకో. ఆడికి పోయి ఓడిపోయి వచ్చినావంటే మాత్రం నేను ఊరుకోను. నా చోటులో పోతా ఉండావు, గుర్తు పెట్టుకో."

అని మెట్ల వైపు తిరిగింది. అమరనాథ్ ముందు నిలబడింది. అతనికంటే రెండు మెట్లు కింద ఉంది, ఒళ్లంతా చెమట, ఊపిరి ఇంకా అందడం లేదు. "ఇప్పుడు చెప్పప్పా. కాటన్‌పేట బుద్ధి అంటే ఏమి?"

అతను చుట్టూ చూశాడు. ఎవరూ సాయం రాలేదు. "అంటే... ఐ మీన్, అప్పుడు నాకు పూర్తిగా తెలీక... సారీ మేడమ్."

"ఈడ వద్దు. యాడ రాసినావో ఆడ రాయి."

"ఇంటికెళ్లి రాస్తాను."

"ఇప్పుడు రాయి. నేను నిలబడతా."

అతను ఫోను తీశాడు. ఆశ నిలబడింది. కూర్చోలేదు, రెయిలింగ్ పట్టుకోలేదు. అతను రాసి, చెరిపి, మళ్లీ రాశాడు. నా చేతిలోని సంచీలో ఆశ ఫోను టింగుమంది. నేను తీసి అందరికీ వినపడేలా పెద్దగా చదివాను: "ఆశ గారు అబద్ధం చెప్పలేదు. నేను రాసింది తప్పు. కాటన్‌పేట గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను." చివర అతను పెట్టిన దండం బొమ్మ కూడా దండం అని చదివాను.

"సరే," అంది ఆశ. అంతే. ఒళ్లు చల్లార్చుకోవడానికి మళ్లీ ట్రాక్ మీదికి వెళ్లింది. వర్షిణి పక్కన చేరింది. మెల్లగా ఒక రౌండు పరుగెత్తాలి, ఊరికే, పోటీ కాదు. సగం దూరం మెల్లగానే పోయారు. తర్వాత ఆశ అరడుగు ముందుకు జరిగింది. వర్షిణి చూసి తనూ జరిగింది. మలుపు దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ మళ్లీ పళ్లు బిగించారు. నరసింహప్ప విజిలు ఊది ఊది అలిసిపోయినా ఇద్దరూ ఆగలేదు.